అమరావతి రాళ్ళు – గ్రీకు, లాటిన్ వేళ్ళు

మన విశ్రాంత ఉద్యోగుల సంఘం ప్రత్యేక సంచికకు "మీ ఊరి చరిత్ర మీద ఏదైనా వ్రాయండి" అని సంపాదకవర్గంవారు కోరారు. అమరావతి చరిత్ర అనగానే స్తూపం, అమరేశ్వరస్వామివారి ఆలయం, రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారి వైభవం అందరికీ గుర్తుకు వస్తాయి. ఇవి మన సభ్యులకు తెలియనివి కావు. పైగా వాటిని గురించి వ్రాయడానికి నాకంటే అర్హులు ఉన్నారు. నేను 36 సంవత్సరాలు ఖజానా శాఖలో అంకెలు కూడుకున్న మనిషిని. అందుచేత రాజుల చరిత్ర జోలికి పోక, మాటల చరిత్ర నాలుగు ముక్కలు వ్రాస్తాను. మాటలకు కూడా పుట్టుక, వలస, చుట్టరికం ఉన్నాయి. ఆ చుట్టరికం తెలియక నేనొకసారి ఎంత పని చేశానో ముందు చెప్పుకుంటాను.

అది 2014 వేసవి. మా ఇంటావిడకు అప్పటికి పదేళ్ళుగా చక్కెర జబ్బు. ఒంట్లో బాగోలేక నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. డాక్టరుగారిచ్చిన కాగితం మీద మందుల పేర్ల కింద "హైపోగ్లైసీమియా రాకుండా జాగ్రత్త" అని ఇంగ్లీషులో వ్రాసి ఉంది. నేను చదివాను. చదివి, అర్థమైందనుకున్నాను. 'గ్లైసీ' అంటే చక్కెర అని తెలుసు. 'హైపో' అన్నదాన్ని 'హైపర్' అన్నట్టే తీసుకున్నాను. చక్కెర పెరుగుతుంది, జాగ్రత్తగా ఉండమన్నారు అని నాకు నేనే తీర్మానించుకుని పంచదార డబ్బా అటక ఎక్కించాను.

మూడో రోజు తెల్లవారుఝామున ఆవిడకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. "ఏమండీ, కళ్ళు తిరుగుతున్నాయి, కాస్త కాఫీ ఇవ్వండి" అంది. నేను చక్కెర లేని కాఫీ కలిపి తెచ్చాను. చక్కెర పెరిగిన మనిషికి చక్కెర ఎలా ఇస్తాను? అంతలో పక్కింటి అమ్మాయి వచ్చింది. నర్సు ఉద్యోగం చేస్తోంది. కాగితం చూసింది, ఆవిడను చూసింది. మనిషి తెలివిలోనే ఉంది గనుక పంచదార నీళ్ళు కలిపి గుక్క గుక్కగా తాగించింది. పావుగంటలో మనిషి తేరుకుంది. అప్పుడా అమ్మాయి మెల్లగా, "బాబాయిగారూ, హైపర్ అంటే ఎక్కువండీ, హైపో అంటే తక్కువ. మీరు తెచ్చిన కాఫీతో ఇంకాసేపు కూర్చుంటే పిన్నిగారు మనకు దక్కేవారు కాదు" అంది.

ఆ మాట ఈనాటికీ చెవిలో ఉంది. తప్పు డాక్టరుగారిది కాదు, నాదే. కాని నా సిగ్గంతా మరొక చోట ఉంది. నేను ఏ బోర్డు కింద ఉద్యోగం చేసి రిటైరయ్యాను? ఇంగ్లీషులో 'సబ్ ట్రెజరీ', తెలుగులో 'ఉప ఖజానా కార్యాలయము'. తరువాత పుస్తకాలు తిరగేస్తే తెలిసిందేమంటే, లాటిన్‌లో 'సబ్', గ్రీకులో 'హైపో', సంస్కృతంలో 'ఉప' – మూడూ ఒక్క వేరు నుంచి మొలిచిన అన్నదమ్ములు. అలాగే 'సూపర్', 'హైపర్', 'ఉపరి' మరో మూడు. ఉపరితలం అంటే పైతలం అని రెండో తరగతి పిల్లవాడికి తెలుసు. 'ఉప' అంటే దిగువది అని నా బోర్డే చెబుతోంది. ఆ బోర్డు కింద నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచి వెళ్ళినవాడిని, ఇంట్లో మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మాట నాకు అక్కరకు రాలేదు.

ఎందుకు రాలేదని ఆలోచిస్తే 1966 దాకా వెనక్కు పోవాలి. ఎస్.ఎస్.ఎల్.సి. దాకా నేను తెలుగు మాధ్యమంలో చదివాను. పి.యు.సి.లో చేరేసరికి అంతా ఇంగ్లీషు. అప్పటికింకా తెలుగులో ఇంటర్మీడియెట్ చదువులు మొదలుకాలేదు, 1969లోగాని రాలేదు. జంతుశాస్త్రం పుస్తకం తెరిస్తే 'ఆర్థ్రోపోడా', 'ఎఖైనోడెర్మేటా', 'ప్లాటీహెల్మింథిస్' అని వరసగా బారులు తీరేవి. మా లెక్చరరుగారు వాటిని బోర్డు మీద వ్రాసి, మూడుసార్లు చదివించి, "బట్టీ వేయండి, వేరే దారి లేదు" అనేవారు. ఆయనను తప్పు పట్టను. ఆయనకు కూడా అలాగే చెప్పి ఉంటారు. నేను రాత్రంతా కంఠస్థం చేసి, తెల్లవారి మరిచిపోయి, ఏప్రిల్ పరీక్షలో జంతుశాస్త్రం తప్పాను. సెప్టెంబరులో గట్టెక్కాను గాని అప్పటికి డాక్టరు చదువు ఆశ నీరుగారిపోయింది. 1972లో గుమాస్తాగా ఉద్యోగంలో చేరాను.

అయితే దారి లేకపోలేదు. ఆ దారి చూపించబోయినవారు మా తెలుగు మాస్టారు. హైస్కూల్లో మాకు సెలవు రోజుల్లో గుడి వెనుక కృష్ణ ఒడ్డున కూర్చోబెట్టి అమరకోశం చెప్పేవారు. పరీక్ష తప్పి ఆయన దగ్గరకు పోయి ఏడిస్తే, "ఒరేయ్, మాటను చూసి జడుసుకోకు, దాని ధాతువు పట్టుకో. ఆ తెల్లవాళ్ళ మాటలు సగం మనవాటికి పెత్తల్లి బిడ్డలే" అన్నారు. నేను వినలేదు. తెలుగు పండితుడికి జంతుశాస్త్రం ఏం తెలుసులే అనుకున్నాను. పదిహేడేళ్ళ కుర్రవాడి తెలివి అంతవరకే ఉంటుంది.

మాస్టారి మాటలో ఎంత నిజముందో మా ఊరి రాళ్ళే చెబుతాయి. 1797 ప్రాంతంలో కర్నల్ కాలిన్ మెకంజీ మొదటిసారి అమరావతి వచ్చాడు. అప్పుడు వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి ఇక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నారు. దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బలో కట్టడాలకు రాళ్ళకోసం తవ్వితే బొమ్మలు చెక్కిన సున్నపురాళ్ళు బయటపడ్డాయి. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి, తన మనుషులచేత ఆ శిల్పాలకు చక్కని చిత్రాలు గీయించాడు. రాళ్ళ మీద అక్షరాలున్నాయి. కాని వాటిని చదవగలిగినవాడు మన దేశంలోనే కాదు, భూమి మీదనే ఒక్కడూ లేడు. బ్రాహ్మీ లిపిని మనవాళ్ళు వెయ్యేళ్ళకు పైగా మరిచిపోయారు. మెకంజీ 1821లో పోయాడు. తాను అంత శ్రమపడి వ్రాయించుకున్న రాళ్ళలో ఏముందో ఆయనకు తెలియకుండానే పోయాడు.

ఆ తాళం తీసినవాడు జేమ్స్ ప్రిన్సెప్. ఆయన కూడా మనలాంటి ఉద్యోగస్థుడే, కలకత్తా టంకశాలలో లోహపరీక్షాధికారి. నాణేలు తూచే పని కావడంతో పాత నాణేల మీద ఆసక్తి కలిగింది. వాయవ్య దిక్కున దొరికిన యవన రాజుల నాణేలలో కొన్నిటి మీద ఒకవైపు గ్రీకు, మరోవైపు మన లిపి ఉండేవి. గ్రీకు చదవగలిగినవారికి రెండోవైపు ఏ అక్షరం ఏదో పోల్చుకునే వీలు చిక్కింది. అగాథోక్లిస్ అనే రాజు నాణెం సాయంతో లాసెన్ అనే జర్మన్ పండితుడు కొన్ని అక్షరాలు పట్టుకున్నాడు. 1837లో ప్రిన్సెప్ సాంచీ స్తూపం రాతల నకళ్ళు ముందు పరుచుకుని చూస్తుంటే ఒక సంగతి కనబడింది. చిన్న చిన్న రాతలన్నీ ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయి. గుడిలో భక్తులు రాయి మీద ఏమి వ్రాయిస్తారు? ఇది ఫలానావారి దానం అని. ఆ రెండక్షరాలూ 'దానం' అయివుండాలని ఆయన ఊహించాడు. ఊహ నిజమైంది. 'ద', 'న' దొరికాయి, మిగిలినవి వాటి వెంట నడిచివచ్చాయి. పాపం, ప్రిన్సెప్ నలభై ఏళ్ళకే 1840లో కన్నుమూశాడు.

మా అమరావతి రాళ్ళ మీద కూడా మళ్ళీ మళ్ళీ కనబడే మాట అదే, దానం. రాజులు ఇచ్చినవి తక్కువ. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, ఉపాసికలు ఇచ్చినవి ఎక్కువ. ఒక పలక మీద విధికుడనే చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు, తల్లితోను భార్యతోను అన్నదమ్ములతోను కలిసి పూర్ణఘటం చెక్కించిన పలకను ఇచ్చినట్టు ఉంది. అతడి మాటలో 'చమ్మకార'. ఉపాధ్యాయుడి కొడుకు తోలుపని చేశాడు, గుడికి పలక ఇచ్చాడు, తన పనిపేరు దాచుకోకుండా వ్రాయించుకున్నాడు. పద్దెనిమిది వందల ఏళ్ళనాటి ఆ రాతను తలచుకుంటే కులాల గురించి మనం చెప్పుకునే మాటలు కొన్ని సరిచూసుకోవలసి వస్తుంది. అది వేరే వ్యాసానికి విషయం.

దానం దగ్గరే ఆగుదాం. లాటిన్‌లో దీన్ని 'డోనుమ్' అంటారు. గ్రీకులో 'డోరోన్'. 'డొనేషన్', 'డోనర్' అనే మాటలు ఆ డోనుమ్ నుంచే వచ్చాయి. రక్తదాతను బ్లడ్ డోనర్ అంటున్నప్పుడు దాతా, డోనరూ ఒకే ధాతువు నోటితో పలుకుతున్నాం. ఇలా పోలికలున్నాయని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ లోకానికి చాటాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలభాష నుంచి పుట్టి ఉండాలని ఆయన అభిప్రాయం. ఆయన వృత్తి న్యాయమూర్తి. ఈ పనులన్నీ ఉద్యోగస్థులు ఆఫీసు అయ్యాక చేసినవే కావడం నాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరిగే ప్రమాదముంది. అయితే తెలుగు కూడా లాటిన్‌కు చుట్టమేనా? కాదు. చుట్టరికం మన భాషలో చేరిన సంస్కృత పదాలది, తెలుగుది కాదు. ఈ తేడాను మొదట స్పష్టంగా నిరూపించినది మద్రాసులో, అదీ తెలుగు ధాతువుల సాయంతో. శ్రీరామపురం మిషనరీ కేరీ 1814లో వేసిన తెలుగు వ్యాకరణంలో మన భాష సంస్కృతం నుంచి పుట్టిందని వ్రాశాడు. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒప్పుకోలేదు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో పట్టాభిరామశాస్త్రిగారనే పండితులు తెలుగు ధాతువులకు పట్టిక తయారుచేసి ఉన్నారు. ఎల్లిస్ ఆ పట్టికనూ, సంస్కృత ధాతువుల పట్టికనూ పక్కపక్కన పెట్టి చూపించాడు, రెంటికీ పొంతన లేదు. తరువాత తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టాడు, కలిశాయి. 1816లో కేంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఇది అచ్చయింది. కాల్డ్వెల్‌గారి ద్రావిడ వ్యాకరణం రావడానికి అప్పటికింకా 40 సంవత్సరాలుంది. అందులో బందరు పండితులు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక నిఘంటువును కూడా ఎల్లిస్ ఆధారంగా తీసుకున్నాడు. తత్సమం, తద్భవం, దేశ్యం అని మన పాత వ్యాకరణవేత్తలు చేసిన విభజన ఎంత గట్టిదో అలా రుజువైంది.

కాబట్టి మన నోట్లో ప్రతి వస్తువుకూ సాధారణంగా రెండు మాటలుంటాయి. పన్ను దేశ్యం, దంతం తత్సమం. పన్నుకు లాటిన్‌తో పనిలేదు. దంతానికి మాత్రం 'డెంటిస్' అనే తమ్ముడున్నాడు, డెంటిస్టు అతని పేరే పెట్టుకున్నాడు. ముక్కు మనది, నాసిక వెంట 'నాసల్' వస్తుంది. ఎముక మనది, అస్థికి గ్రీకు రూపం 'ఆస్టియోన్'. గుండె మనది, హృత్తుకు గ్రీకులో 'కార్డియా', అక్కడినుంచి కార్డియాలజీ. కాలేయానికి సంస్కృతంలో యకృత్తు, గ్రీకులో 'హెపార్'. వినడానికి దూరమే గాని ఒక తల్లి బిడ్డలే. హెపటైటిస్ అంటే యకృత్తు వాపు. మోకాలుకు సంస్కృతంలో జానువు, లాటిన్‌లో 'గెను', ఇంగ్లీషులో 'నీ'. శ్రీరామచంద్రుడిని ఆజానుబాహువు అని మనం రోజూ కీర్తిస్తూనే ఉన్నాం. జెర్రిని చూడండి. పుస్తకంలో శతపాది, ఇంగ్లీషులో సెంటిపీడ్. శతానికి 'సెంటుమ్', పాదానికి 'పెడిస్', రెండు ముక్కలూ సరిగ్గా అతుకుతాయి. పి.యు.సి.లో నన్ను ముంచిన ఆర్థ్రోపోడా కూడా ఇంతే, ఆర్థ్రోన్ అంటే కీలు, పోడోస్ అంటే పాదం. కీళ్ళున్న కాళ్ళ జీవి. ఇంత తేలిక మాటకు ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను!

ఈ చుట్టరికాలన్నీ చరిత్రకు అందని కాలం నాటివి. ఇవిగాక, చరిత్ర తెలిసిన కాలంలో పడవలెక్కి వచ్చిన మాటలున్నాయి. కృష్ణానదిని గ్రీకు భౌగోళికుడు టాలెమీ 'మైసోలోస్' అన్నాడు. ఆయన చెప్పిన 'కొంటకోస్సిల' రేవు మన ఘంటసాల అని పండితుల నిర్ణయం. నాగార్జునకొండ శాసనంలో దాని పేరు కంటకసేల. ఆ కొండ ఇప్పుడు మన పల్నాడు జిల్లాలోనే మాచర్ల దగ్గర, సాగరం మధ్య దీవిగా ఉంది. అక్కడి తవ్వకాల్లో రోమను బంగారు నాణేలు దొరికాయి. చేతిలో మద్యం కొమ్ము పట్టుకున్న గడ్డపు దేవుడు, గ్రీకుల డయోనిసస్ వంటివాడు, ఒక స్తంభం మీద ఉన్నాడు. అన్నిటికంటే నా ఖజానా బుద్ధికి నచ్చినది ఒక దాన శాసనం. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల కాలాన ఉజ్జయిని రాకుమార్తె రుద్రధర భట్టారిక మహాచైత్యానికి ఒక స్తంభంతో పాటు 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు అందులో ఉంది. మొత్తం అంకెతో సహా వ్రాశారు, ఆడిట్‌వారు కూడా వేలు పెట్టలేరు. ఆ దీనారం ఎవరిది? రోమనుల 'డెనారియస్'. పది చిన్న నాణేల విలువ గనుక ఆ పేరు. పదికి లాటిన్‌లో 'డెకెమ్', మనకు దశ. అంటే దశ బంధువు ఒకడు రోమునుంచి పడవలో దిగి పల్నాటి రాతిలో స్థిరపడ్డాడన్నమాట.

దమ్మిడీకి కొరగానివాడు అని తిట్టుకుంటాం. ఆ దమ్మిడీ వెనుక దామ్, దాని వెనుక ద్రమ్మం, దాని వెనుక గ్రీకు 'ద్రఖ్మే' ఉన్నాయి. పంచాంగంలో హోర, కేంద్రం గ్రీకు మాటలు. లిప్తపాటు అంటామే, ఆ లిప్త కూడా గ్రీకు 'లెప్టోన్'. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో మేషానికి క్రియ, వృషభానికి తావురి, సింహానికి లేయ అని గ్రీకు పేర్లు చెప్పాడు. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. సొరంగం గ్రీకు 'సిరింక్స్' నుంచి వచ్చింది. గొట్టం అని అర్థం. సిరంజి కూడా అదే. ఇన్సులిన్ పొడిపించుకునే సభ్యులు గమనించగలరు. కలం అరబ్బుల చేతుల మీదుగా వచ్చిన గ్రీకు 'కలమోస్', అంటే రెల్లుపుల్ల. బుడతకీచులు మేజా, అలమారా, మేస్త్రీ తెచ్చారు. మూడింటి మూలాలూ లాటిన్‌లోనే ఉన్నాయి. మనం ఇచ్చినవీ లేకపోలేదు. పిప్పలి గ్రీకులో 'పెపెరి' అయి, ఇంగ్లీషులో పెప్పర్ అయింది. మన పందికొక్కు 'బాండికూట్' అయి ఆస్ట్రేలియా దాకా పోయింది. ఇచ్చినవాటిలో మనకు మిగిలిన కీర్తి పందికొక్కుదేనా అని మా ఇంటావిడ నవ్వుతుంది.

ఇక తెలుగు పదం సంగతి. మా ఊరి రాళ్ళ ముక్కల్లో ఒకదాని మీద 'నాగబు' అనే మాట ఉంది. తొలి తెలుగు పదం ఇదేనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. విరిగిన రాయి కనుక తరువాత ఇంకా అక్షరాలుండేవేమో అనే వాదన ఉంది. నేను పండితుణ్ణి కాను, తీర్పు చెప్పను. శాస్త్రిగారి మాటే తీసుకుంటే, అందులో నాగ సంస్కృతం, చివరి 'బు' తెలుగు ప్రత్యయం, మన 'ము'కు తాత. పరాయి ధాతువుకు మన తోక తగిలించి మనమాటగా చేసుకోవడం అప్పటినుంచే ఉంది. బస్సు, రోడ్డు, పెన్ను అని ఉకారం చేర్చి మనం చేస్తున్నదీ అదే పని.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పి.వి. నరసింహారావుగారు మొదటి అధ్యక్షులు. శాస్త్ర పుస్తకాలు తెలుగులో తేవడానికి పండితులు, శాస్త్రజ్ఞులు కలిసి వేలకొద్దీ మాటలు కట్టవలసి వచ్చింది. వాటిని వెక్కిరించడం ఒక ఫ్యాషనైంది. కొన్ని నోరు తిరగని మాట నిజమే. కాని విడదీసి చూడండి. క్లోరోఫిల్‌లో 'క్లోరోస్' అంటే పచ్చనిది, 'ఫిల్లోన్' అంటే ఆకు. మనకు పత్రహరితం. యాంఫీబియన్‌లో 'అంఫి' రెండువైపులా, 'బియోస్' బ్రతుకు. మనకు ఉభయచరం. అంఫికి ఉభయ చుట్టం, బియోస్‌కు జీవం చుట్టం. తెలుగు పుస్తకం చదివిన పిల్లవాడికి ఆ మాటలోనే దాని అర్థం ఉంది. ఇంగ్లీషు పుస్తకం చదివే మన పిల్లవాడికి అది ఉత్త చప్పుడు. నేను మూడేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే నా కథ ఎలా ఉండేదో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఉత్సాహంలో నేనూ బోల్తా పడ్డాను. చర్మం, గ్రీకు 'డెర్మా' ఒకటేనని ఇద్దరు ముగ్గురికి చెప్పేశాను. ఒకటి కాదట. డెర్మాకు బంధువు విదారణ, దారణలలోని 'దౄ' ధాతువు, అంటే చీల్చడం. నేటి గ్రీసులో నీటిని 'నెరో' అంటారు, మన నీరే కదా అని సంబరపడ్డాను. అదీ కాదు. గ్రీకులో తాజా అనే మాట నీళ్ళ ముందు విశేషణంగా ఉండి, క్రమంగా నీళ్ళే అయింది. మధుమేహంలో మధువు, 'డయాబెటిస్ మెల్లిటస్'లో 'మెల్', రెండూ తేనే గాని రెండు వేర్వేరు వేళ్ళు. మధువుకు గ్రీకు బంధువు 'మెథు', దానికి అర్థం సారాయి! చెవికి ఒకటిగా వినబడినంతలో వియ్యమందకూడదు, నిఘంటువు చూసుకోవాలి.

నిఘంటువు అంటే గుర్తుకు వచ్చింది. మన కార్యాలయం మాట 'ట్రెజరీ' గ్రీకు 'థెసారోస్' నుంచి వచ్చింది, అంటే దాచిన నిధి. పర్యాయపద నిఘంటువును థెసారస్ అనడమూ అందుకే. 1852లో లండన్‌లో రోజెట్ తన పుస్తకానికి ఆ పేరు పెట్టాడు. సరిగ్గా అదే సంవత్సరం మద్రాసులో బ్రౌన్ దొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. మన భాషలో కూడా చూడండి, కోశం అంటే ధనాగారమూ అవుతుంది, అమరకోశం వంటి నిఘంటువూ అవుతుంది. ఖజానా అరబ్బీ మాట. దాని ధాతువులోనుంచే మ్యాగజైన్ వచ్చింది, మొదట గిడ్డంగి, తరువాత పత్రిక. అంటే ఈ సంచిక కూడా ఒక ఖజానాయే.

పింఛనుదారులకు కొన్ని మాటలు ప్రత్యేకం. పెన్షన్ లాటిన్ 'పెండెరె' నుంచి వచ్చింది. వేలాడదీయడం, తక్కెడలో తూచడం అని అర్థం. వెండిని తూచి చెల్లించే రోజుల మాట. సస్పెన్షన్ కూడా అదే ధాతువు, అక్కడ వేలాడేది ఉద్యోగి. సూపరాన్యుయేషన్‌లో సూపర్ మన ఉపరి, 'అన్నుస్' సంవత్సరం, వయసు మీరడమన్నమాట. కమ్యుటేషన్ మార్పిడి. ఎరియర్స్‌లో ఉన్నది వెనుక అనే అర్థం, అది మనకు వేరే చెప్పనక్కరలేదు. జీతం మాత్రం జీవితం నుంచి వచ్చిన తద్భవం. ఒకటో తారీఖున అందకపోతే ఆ వ్యుత్పత్తి బాగా బోధపడేది.

2022 ఏప్రిల్‌లో మా అమరావతి పల్నాడు జిల్లాలో చేరింది. ఆ మరుసటి సంవత్సరం మా మనవరాలు నరసరావుపేటలో ఇంటర్ బై.పి.సి.లో చేరింది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల. దసరా సెలవులకు వచ్చి పుస్తకం ముందు పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తాతయ్యా, ఈ పేర్లు నా వల్ల కావు. సి.ఇ.సి.కి మారిపోతాను" అంది. 1966 నా కళ్ళ ముందు నిలబడింది. ఆ పిల్లను వెంటబెట్టుకుని ఊళ్ళోని మ్యూజియానికి తీసుకువెళ్ళాను. రాతల కింద 'దానం' అక్షరాలు చూపించి, ప్రిన్సెప్ కథ చెప్పాను. కాసేపు విని, "అయితే ఈ రెండక్షరాలతో మొత్తం చదివేశాడా?" అని అడిగింది. ఇంటికి వచ్చి ఒక నోటుబుక్కులో నిలువుగా మూడు గీతలు గీశాం. మొదట మన ఇంటి మాట, తరువాత సంస్కృత ధాతువు, దాని పక్కన గ్రీకుదో లాటిన్‌దో, చివర పుస్తకంలోని పేరు. ఎముక, అస్థి, ఆస్టియోన్, ఆస్టియోసైట్. పొరపాటు పడినవి ఎర్రసిరాతో కొట్టేశాం, చర్మం–డెర్మా మొదటిది. సెలవులయ్యేసరికి నూటముప్పై మాటలయ్యాయి. గ్రూపు మారలేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళ నానమ్మ తన డాక్టరు కాగితం తీసి ముందుపెట్టి, "నా మోకాళ్ళకు ఏదో పేరు వ్రాశారే, చదువు" అంది. "ఆస్టియో ఆర్థ్రైటిస్, నానమ్మా. ఎముకా, కీలూ, వాపూ" అని పిల్ల గడగడా చెప్పింది. "అంతేనా! ఆ పేరు విని ఇంకేదో అనుకుని నెల్లాళ్ళు నిద్రపోలేదు" అని ఆవిడ నన్ను చూసింది.

పంచదార డబ్బా ఇప్పుడు అటక మీద లేదు. వంటింట్లో చేతికందే అరలో ఉంది. దాని మూత మీద మనవరాలు అతికించిన చీటీలో 'హైపో – సబ్ – ఉప' అని గుండ్రంగా వ్రాసి ఉంటుంది.